రోగం, పాత్ర, పథ్యం: నాంపల్లి చేప ప్రసాదం ఆధారంగా ఆరోగ్య సమాజశాస్త్ర మౌలిక భావనల వివరణ

వ్యాస సంగ్రహం:

నర్సింగ్, ఫిజియోథెరపీ, సోషల్ వర్క్ విద్యార్థులకు బోధించే సమాజశాస్త్ర మౌలిక భావనలను హైదరాబాదులోని ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతం నుంచి తీసుకున్న ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. ఏటా మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరిగే చేప ప్రసాదం పంపిణీని ప్రధాన ఉదాహరణగా స్వీకరించడమైంది. సుస్తీ, పాత్రత, పథ్యం, హస్తవాసి వంటి వాడుక మాటలు ఆయా భావనలను ఎంతవరకు మోయగలవో, ఎక్కడ మోయలేవో పరిశీలించడమైంది.

కీలక పదాలు: ఆరోగ్య సమాజశాస్త్రం, రోగి పాత్ర, పథ్యం, హస్తవాసి, కళంకం, చేప ప్రసాదం, నిలోఫర్, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం:

బి.ఎస్సీ. నర్సింగ్ విద్యార్థులకు సమాజశాస్త్రం ఒక పాఠ్యాంశం. సోషల్ వర్క్, ప్రజారోగ్యం కోర్సుల్లోనూ ఏదో ఒక పేరుతో అది ఉంటుంది. సంస్కృతి, పాత్ర, అంతస్తు, సామాజిక సంస్థ, కళంకం మొదలైన భావనలను విద్యార్థులు నిర్వచనాలుగా నేర్చుకొని పరీక్ష రాస్తారు. పాఠ్యగ్రంథాలు ఎక్కువగా ఆంగ్లంలో ఉంటాయి. వాటిలోని ఉదాహరణలు బ్రిటన్‌వో అమెరికావో అయి ఉంటాయి. ఆ విద్యార్థి వార్డులోకి అడుగుపెట్టగానే ఎదురయ్యే మనిషి మాత్రం తెలుగులోనో, ఉర్దూలోనో, చాలాసార్లు రెండూ కలిసిన హైదరాబాదు మాటలోనో తన బాధ చెప్పుకుంటాడు. నేర్చుకున్న నిర్వచనాన్ని ఆ మాటతో కలిపే పని ఎవరిది? సమాజశాస్త్ర అధ్యాపకులది ఎంతో, తెలుగు అధ్యాపకులదీ అంతే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

శాస్త్రవిషయాలకు దేశభాషలో మాటలు వెదకడం హైదరాబాదుకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పాటైన అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఉర్దూలో పాఠ్యగ్రంథాలను సిద్ధం చేసింది. వైద్యవిద్య సైతం ఆ భాషలో సాగింది. తరువాతి కాలంలో తెలుగు అకాడమి తెలుగులో ఆ పని చేపట్టింది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం దీర్ఘకాలం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనే ఉంది. ఈ కృషి వల్ల మనకు పారిభాషిక పదాలు లభించాయి. అయితే నిఘంటువులో సరిగ్గా అమరిన పదం రోగి మంచం దగ్గర ఎంతవరకు పనికివస్తుందన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్నకు సంబంధించినది. ఇది క్షేత్ర సర్వే కాదు. అందరికీ తెలిసిన ఒక ఘటనను చేతపట్టుకొని భావనలను విప్పి చెప్పే ప్రయత్నం మాత్రమే.

2. ఒకే దారిలో మూడు వైద్యాలు:

ఆరో నిజాం కాలంలో ఇక్కడ దుకాణం నడిపిన ఆల్బర్ట్ ఆబిడ్ పేరు మీదుగా ఆబిడ్స్ వెలసింది. అక్కడి పెద్ద పోస్టాఫీసు నుంచి మొజంజాహి మార్కెట్ మీదుగా నాంపల్లి రైల్వేస్టేషన్ వైపు నడిస్తే దూరం తక్కువే. కాని ఆరోగ్య సమాజశాస్త్ర విద్యార్థికి ఆ కొద్ది దూరంలోనే చాలా పాఠాలు దొరుకుతాయి. మందుల దుకాణాలు, రక్తపరీక్షా కేంద్రాలు, క్లినిక్‌లు దారి పొడవునా కనిపిస్తాయి. స్టేషన్‌కు ఆవలగా రెడ్‌హిల్స్‌లో ప్రసూతి, శిశు వైద్యానికి నిలోఫర్, క్యాన్సర్ వైద్యానికి ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉన్నాయి. నాంపల్లిలోనే యూసుఫైన్ దర్గా ఉంది. జబ్బు తగ్గాలని మొక్కుకునేవారు మతభేదం లేకుండా అక్కడికి వెళ్తారు. వీటి నడుమ ఎగ్జిబిషన్ మైదానం ఉంది. 1938లో మొదలైన నుమాయిష్ 1946 నుంచి జరుగుతున్నది ఇక్కడే. జనవరిలో సరుకులకు, జూన్‌లో చేపకు జనం వచ్చే చోటు అది.

వైద్య మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ 1980లో వెలువరించిన గ్రంథంలో ఏ సమాజంలోనైనా వైద్యవ్యవస్థ మూడు రంగాలుగా ఉంటుందని ప్రతిపాదించారు. ఇల్లు, ఇరుగుపొరుగు కలిసినది మొదటిది. చదువు పట్టా లేకున్నా ప్రజలు గుర్తించిన వైద్యులు, మంత్రజ్ఞులు, గురువులు రెండోది. చట్టం గుర్తించిన వృత్తివైద్యం మూడోది. ఈ విభజనను తరగతిలో బోర్డు మీద మూడు వలయాలుగా గీస్తాం. దానివల్ల విద్యార్థికి ఒక అపోహ కలిగే వీలుంది. చదువులేనివారు ఒక వలయంలో, చదువుకున్నవారు మరో వలయంలో ఉంటారని అతడు అనుకుంటాడు. నిజానికి వలయాలు స్థిరంగా ఉంటాయి, వాటి మధ్య మనుషులు తిరుగుతారు. దగ్గుతో బాధపడే పిల్లవాడికి తల్లి మొదట ఇంట్లో మిరియాల కషాయం పడుతుంది. మర్నాడు మందుల దుకాణంలో సిరప్ కొంటుంది. తగ్గకపోతే నిలోఫర్‌కు తీసుకెళ్తుంది. దారిలో దర్గా దగ్గర ఆగి తావీజు కట్టిస్తుంది. ఆమె దృష్టిలో ఇవి పరస్పర విరుద్ధాలు కావు.

హైదరాబాదుకు సమీపంలోని శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడింది. కొన్ని రుగ్మతలకు శారీరక కారణాలను, మరికొన్నింటికి దైవిక కారణాలను గ్రామస్థులు ఏకకాలంలో చెప్పుకోవడం అందులో నమోదైంది. మన విద్యార్థులు క్లైన్‌మన్ కంటే ముందు దూబేను చదవడం మంచిది. ఊరు దగ్గరిది కనుక.

3. చేప ప్రసాదం:

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఆ వెంటనే వచ్చే మృగశిర జూన్ మొదటి వారం చివరికి చేరువలో ప్రవేశిస్తుంది. ఎండాకాలం ముగిసి తొలకరి మొదలయ్యే ఆ రోజున తెలంగాణలో చేప తినడం ఆచారం. రాంనగర్ చేపల మార్కెట్ ఆ రోజు కిటకిటలాడుతుంది. చేప ముట్టనివారు బెల్లంలో ఇంగువ కలిపి తింటారు. ఎవరూ ఆదేశించరు, తినకపోతే శిక్ష లేదు. అయినా లక్షల ఇళ్లలో ఒకే రోజు ఒకే వంట జరుగుతుంది. వ్యక్తికి వెలుపల ఉంటూ వ్యక్తిని నడిపించే ఇలాంటి రీతులనే ఎమిల్ దుర్ఖేమ్ 1895లో ‘సామాజిక వాస్తవాలు’ అన్నారు. ఈ భావనను బోధించడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ ఈ వ్యాసకర్తకు తోచలేదు.

ఆ ఆచారం మీదనే చేప ప్రసాదం నిలిచింది. పాతబస్తీ దూద్‌బౌలికి చెందిన బత్తిని గౌడ కుటుంబం ఉబ్బసం తదితర శ్వాస సంబంధ బాధలున్నవారికి దీన్ని ఉచితంగా ఇస్తున్నది. 1845లో ఒక సాధువు తమ పూర్వికునికి ఈ మందు రహస్యాన్ని చెప్పి, డబ్బు తీసుకోకూడదని నియమం పెట్టాడని ఆ కుటుంబ కథనం. రెండు మూడు అంగుళాల బతికిన కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి, దాన్ని రోగి గొంతులోకి జారవిడుస్తారు. శాకాహారులకు ముద్దను బెల్లంతో కలిపి ఇస్తారు. మూడేళ్లు వరుసగా తీసుకోవాలని, తీసుకున్న ప్రతిసారీ 45 రోజులు పథ్యం పాటించాలని నియమం. మందుకు వెల లేదు. చేపపిల్లను మాత్రం మత్స్యశాఖ కౌంటర్లలో కొనుక్కోవాలి. ఇతర రాష్ట్రాల నుంచి కూడా జనం రైళ్లలో దిగి, నాంపల్లి స్టేషన్ నుంచి నడిచి మైదానానికి చేరుకుంటారు. కోవిడ్ కారణంగా 2020 నుంచి మూడేళ్లు నిలిచిపోయిన పంపిణీ 2023లో తిరిగి మొదలైంది.

ఈ ముద్ద ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ నిరూపణ లేదు. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఏళ్ల తరబడి ఈ మాటే చెబుతున్నాయి. ఆ విషయంలో ఈ వ్యాసకర్తకు సందేహం లేదు. కాని ‘మూఢనమ్మకం’ అన్న ఒక్క మాటతో పుస్తకం మూసేస్తే సమాజశాస్త్రం అక్కడితో ఆగిపోతుంది. నయం కాదని వైద్యులు చెప్పే దాని కోసం ఇంతమంది ఇంత దూరం ఎందుకు వస్తారు, వచ్చి ఏం పొందుతారు, తిరిగి వెళ్లి ఏం చేస్తారు? ఆరోగ్య కార్యకర్తకు కావలసిన సమాచారమంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది.

4. వ్యాధి, జబ్బు, సుస్తీ:

ఆంగ్ల పాఠ్యగ్రంథాలు రోగాన్ని మూడుగా విడదీస్తాయి. శరీరంలో వైద్యుడు గుర్తించే వికారం ఒకటి. మనిషి అనుభవించే బాధ రెండోది. సమాజం అతణ్ణి రోగిగా అంగీకరించడం మూడోది. ఆంగ్లంలో వీటికి మూడు వేర్వేరు పదాలున్నాయి. తెలుగులో వాటికి వరుసగా వ్యాధి, అస్వస్థత, రుగ్మత అని అనువాదాలు చేసుకోవచ్చు. చేసుకున్నాక విద్యార్థికి మూడూ ఒకటిగానే వినిపిస్తాయి. మూడూ సంస్కృత సమాలే కావడం అందుకు కారణం.

వాడుక భాష వైపు తిరిగితే తేడా దానంతటదే బయటపడుతుంది. ‘వ్యాధి’ వైద్యుని కాగితం మీది మాట. ‘మా నాయనకు వ్యాధి వచ్చింది’ అని ఇంట్లో ఎవరూ అనరు, ‘జబ్బు చేసింది’ అంటారు. అనుభవాన్ని చెప్పడానికి తెలంగాణలో ‘పానం మంచిగ లేదు’ అన్న మాట ఉంది. ఇందులో ఏ అవయవం పేరూ లేదు. బాధపడుతున్నది ఊపిరితిత్తి కాదు, ప్రాణం. ఆంగ్ల పాఠ్యగ్రంథం ఒక అధ్యాయం కేటాయించి చెప్పే ‘సమగ్ర అనుభవం’ ఈ మూడు మాటల్లో ఇమిడి ఉంది. ఇక మూడోదానికి ‘సుస్తీ’ చక్కగా సరిపోతుంది. ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాటకు మూలార్థం మాంద్యం, సోమరితనం. తెలుగులో ‘సుస్తీ చేసింది’ అంటే పనికి వెళ్లలేని స్థితి. పని ఎగ్గొట్టడానికి, నిజంగా పని చేయలేకపోవడానికి మధ్యనున్న అనుమానం ఆ మాట చరిత్రలోనే ఉంది. ఫలానావాడు రోగి అని సమాజం అంగీకరించడంలో మెలిక అంతా ఆ అనుమానమే.

ఉబ్బసం విషయంలో మాటల వైవిధ్యం మరీ ఎక్కువ. ఆయాసం, ఉబ్బసం, ఎగపోత, దమ్ము అని పలు రకాలుగా చెబుతారు. హైదరాబాదులో ‘దమ్ము’ అంటే శ్వాస, శ్వాసకోశ వ్యాధి, ధైర్యం, సిగరెట్టు పీల్పు కూడా. ‘దమ్ము వస్తుంది’ అన్న రోగిని పరీక్షించే విద్యార్థి దాన్ని వెంటనే ‘ఆస్తమా’గా రాసేస్తే పొరపాటే. గుండె జబ్బులోనూ రక్తహీనతలోనూ వచ్చే ఆయాసానికి కూడా రోగి అదే మాట వాడతాడు. రోగి చెప్పింది అనుభవం. దాన్ని వ్యాధిగా మార్చే పని వైద్యునిది. ఈ రెంటి మధ్య తొందరపడకూడదన్నదే ఈ భావన నేర్పే పాఠం.

5. పాత్ర, పాత్రత, పథ్యం:

టాల్కట్ పార్సన్స్ 1951లో ‘ది సోషల్ సిస్టమ్’ గ్రంథంలో ప్రతిపాదించిన ‘రోగి పాత్ర’ ఆరోగ్య సమాజశాస్త్రానికి పునాది వంటిది. రోగికి రెండు హక్కులు, రెండు బాధ్యతలు ఉంటాయని ఆయన సిద్ధాంతం. రోజువారీ పనుల నుంచి మినహాయింపు, రోగం తన తప్పు కాదన్న గుర్తింపు హక్కులు. బాగుపడాలని కోరుకోవడం, అర్హుడైన వైద్యుణ్ణి ఆశ్రయించి అతనికి సహకరించడం బాధ్యతలు.

తెలుగులో ‘పాత్ర’ అన్న మాటను నాటకం నుంచి తెచ్చుకున్నామని అనుకుంటాం. దాని పక్కనే ‘పాత్రత’ ఉంది. దయకు పాత్రుడు, దానానికి అపాత్రుడు అన్న ప్రయోగాల్లో అది యోగ్యతను సూచిస్తుంది. పార్సన్స్ చెప్పదలచింది దాదాపు ఇదే. రోగిగా నటించడం కాదు, రోగిగా పరిగణన పొందే యోగ్యత. ఆంగ్ల పదంలో దాగి ఉన్న అంశం తెలుగు పదంలో పైకే కనిపిస్తుంది. బోధనలో దీన్ని ఉపయోగించుకోవాలి.

ఆ యోగ్యత అందరికీ సమానంగా దక్కదు. పార్సన్స్ మీద వచ్చిన ప్రధాన విమర్శల్లో ఇదొకటి. ఉద్యోగికి సిక్ లీవు ఉంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బట్టలమ్మే మనిషికి అది లేదు. దమ్ము పట్టినా దుకాణం పరవాల్సిందే. ఇంటి పని చేసే స్త్రీ పరిస్థితి ఇంకా విచిత్రమైనది. ఆమెకు జ్వరం వస్తే పని ఆగదు, పని చేస్తున్నది కనుక జ్వరం లేదని ఇంట్లోవారు అనుకుంటారు. దీర్ఘకాలిక వ్యాధి మరో చిక్కు. పార్సన్స్ నమూనా జ్వరం వంటి తాత్కాలిక రోగానికి సరిపోతుంది. ఉబ్బసం తగ్గినట్టుంటుంది, మళ్లీ వస్తుంది. ఎన్నాళ్లని మినహాయింపు ఇస్తారు? కొన్నాళ్లకు ఇంట్లోవారికే విసుగు వస్తుంది. ఉబ్బస రోగి ఎగ్జిబిషన్ మైదానానికి రావడంలో ఈ విసుగుకు సమాధానం కూడా ఉంది. ‘బాగుపడాలని నేనూ ప్రయత్నిస్తున్నాను’ అని అతడు పదిమంది ముందు చూపుకోగలుగుతాడు. రాత్రంతా వరుసలో నిలబడి, బతికిన చేపను మింగినవాణ్ణి బద్ధకస్తుడని ఎవరంటారు?

పార్సన్స్ చెప్పిన ‘సహకారం’ మన దగ్గర ‘పథ్యం’గా కనిపిస్తుంది. పథానికి తగినది పథ్యం. వైద్యుడు చెప్పిన దారిలో నడవడం అన్న ధ్వని ఆ మాటలోనే ఉంది. కాని ఒక ముఖ్యమైన తేడా గమనించాలి. పార్సన్స్ రోగి ఒక్కడు, తన వైద్యుని ఎదుట కూర్చున్న వ్యక్తి. పథ్యం ఒక్కరు చేసేది కాదు. 45 రోజులు ఏ కూర వండాలో, ఏది మానాలో నిర్ణయించి ఆచరణలో పెట్టేది వంటింట్లోని స్త్రీలు. బాలింత పథ్యంలో అత్తగారికి, తల్లికి ఉండే అధికారం తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసినదే. అందువల్ల తెలుగు సందర్భంలో ‘రోగి పాత్ర’ను కుటుంబ పాత్రగా బోధించడం సమంజసం. మాత్రలు వేసుకోవడం రోగి ఒక్కడి చేతిలో పని. పథ్యం చేయడం మొదలుపెడితే ఇంటిల్లిపాదీ ఆ చికిత్సలో భాగస్వాములవుతారు. ఇన్‌హేలర్‌కు లేని బలం చేపకు ఎక్కడి నుంచి వచ్చిందో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

6. మందా, ప్రసాదమా?

పాత హైదరాబాదీలు నేటికీ ‘చేప మందు’ అనే అంటారు. హేతువాదుల అభ్యంతరాలు, న్యాయస్థాన వ్యాజ్యాల నేపథ్యంలో ఆ పేరు వెనక్కి తగ్గి ‘చేప ప్రసాదం’ అన్న పేరు ముందుకు వచ్చింది. వస్తువు మారలేదు, పేరు మారింది. భాషావిద్యార్థికి ఇదొక అర్థపరిణామంగా కనిపించవచ్చు. సమాజశాస్త్రంలో దీనికి ఇంకా పెద్ద స్థానం ఉంది. మనుషులు ఒక పరిస్థితిని నిజమని నిర్వచించుకుంటే దాని ఫలితాలు నిజమైనవే అవుతాయని డబ్ల్యు.ఐ. థామస్, డొరొతీ థామస్ 1928లో ప్రతిపాదించారు. దీనిని ‘పరిస్థితి నిర్వచనం’ అంటాం. ‘మందు’ అంటే అందులో ఏముందో చెప్పాలి, పరీక్షకు పంపాలి, మందుల చట్టాలకూ అద్భుత చికిత్సల ప్రకటనలను నియంత్రించే 1954 నాటి చట్టానికీ జవాబు చెప్పాలి. ‘ప్రసాదం’ అంటే అడిగేవారు లేరు. ప్రసాదానికి నిరూపణ ఉండదు, స్వీకరణ ఉంటుంది. తగ్గకపోతే మందు విఫలమైనట్టు. ప్రసాదం మాత్రం విఫలం కాదు, భక్తి చాలలేదనో పథ్యం తప్పిందనో అంటారు. ఒక్క పదం మార్పుతో ప్రశ్నించే అధికారం వైద్యశాస్త్రం చేతి నుంచి జారిపోయింది.

మాక్స్ వెబర్ వివరించిన మూడు రకాల అధికారాలు ఈ మైదానంలో ఒకే రోజు, ఒకే చోట కనిపిస్తాయి. సాధువు ఇచ్చిన రహస్యం వ్యక్తిమహిమ మీద నిలిచిన అధికారం. అది తరతరాలుగా ఒకే కుటుంబానికి సంక్రమించడం సంప్రదాయాధికారం. బారికేడ్లు కట్టించే అధికారులు, పోలీసులు, చేపలు అమ్మే మత్స్యశాఖ చట్టబద్ధమైన అధికారానికి ప్రతినిధులు. మహిమ మీద ఆధారపడిన అధికారం కాలక్రమంలో నిత్యవ్యవహారంగా మారిపోతుందని వెబర్ అన్నారు. టోకెన్లు, కౌంటర్లు, మంచినీటి ఏర్పాట్లు దానికి సాక్ష్యం. ప్రభుత్వం ఏర్పాట్లు చేయడం ప్రజల భద్రత కోసమే కావచ్చు. అయినా చూసేవారికి అది ఆమోదముద్రగా కనిపిస్తుంది. ఈ అంశాన్ని విద్యార్థుల చేత చర్చింపజేయాలి. ఏకాభిప్రాయం రాదు, రానవసరం లేదు.

‘హస్తవాసి’ అన్న తెలుగు మాటను ఇక్కడే చెప్పుకోవాలి. ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదని చదువుకున్నవారు కూడా అంటారు. పట్టా, అనుభవం, ఫీజు ఏదీ ఆ మాటలోకి రాదు. వృత్తివైద్యుణ్ణి సైతం మనం మహిమాధికారంతో కొలుస్తున్నామని అది తెలుపుతుంది. వెబర్‌ను బోధించేటప్పుడు ఈ ఒక్క మాట చెబితే సగం పాఠం అయిపోతుంది.

7. వరుసలో వినిపించే వైద్యసలహా:

ఎలియట్ ఫ్రైడ్‌సన్ వైద్యుని దగ్గరకు వెళ్లకముందే మనిషి సంప్రదించే బంధుమిత్రుల శ్రేణికి ప్రత్యేకంగా పేరు పెట్టారు. దీన్ని ‘లౌకిక సిఫారసు వ్యవస్థ’ అని అనువదించుకోవచ్చు. పక్కింటి అక్క, ఆటో నడిపే బావమరిది, మందుల దుకాణం అన్న, ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు ఈ శ్రేణిలోని వారు. గంటల తరబడి సాగే చేప ప్రసాదం వరుసలో ఈ వ్యవస్థ బాగా చురుగ్గా ఉంటుంది. ఎన్నో ఏడు వచ్చారు, ఏం తగ్గింది, ఏ డాక్టరుకు చూపించారు, ఎంత ఖర్చయింది అన్న సంభాషణ నడుస్తుంది. తగ్గనివారు మళ్లీ రారు కనుక వరుసలో తగ్గినవారి మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. వినేవారికి ఇది గణాంకంలా తోస్తుంది. ఉబ్బసం తనంతట తాను హెచ్చుతగ్గులకు లోనయ్యే జబ్బు. ఎండలు తగ్గి గాలి మారిన రోజుల్లో, పథ్యం పేరుతో కొన్ని అలవాట్లు మానినప్పుడు కొందరికి ఉపశమనం కలగడంలో వింత లేదు. ఆ ఉపశమనం అబద్ధం కాదు, దాని కారణంగా చెప్పుకునేది నిరూపితం కాదు. ఈ రెంటినీ విడదీసి చూడగల విద్యార్థి రోగిని అవమానించకుండా మాట్లాడగలుగుతాడు.

8. నిలోఫర్: సొంత కష్టం, సామాజిక సమస్య

మైదానం నుంచి రెడ్‌హిల్స్ వైపు వెళ్తే నిలోఫర్ ఆసుపత్రి వస్తుంది. ఏడో నిజాం కోడలు నిలోఫర్ పరిచారిక ఒకరు ప్రసవంలో మరణించారని, ఆ దుఃఖమే ఈ ఆసుపత్రికి బీజమైందని ప్రసిద్ధి. 1953లో అది ప్రారంభమైంది. మనిషి సొంత కష్టానికీ, సామాజిక సమస్యకూ మధ్య సంబంధాన్ని చూడగలగడమే సమాజశాస్త్ర దృష్టి అని సి. రైట్ మిల్స్ 1959లో అన్నారు. ఒక పరిచారిక మరణం ఆ కుటుంబానికి కష్టం. ఆ కాలంలో అలాంటి మరణాలు ఎన్నో జరిగేవని, వాటికి ప్రసూతి వైద్యం అందకపోవడం కారణమని గుర్తించినప్పుడు అది సామాజిక సమస్య అయింది. ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేం. పరిచారిక కష్టం సమస్యగా మారడానికి ఒక రాకుమారి దానిని చూడవలసి వచ్చింది. ఎవరి కష్టం ఎవరి కంట పడుతుందన్నదీ అంతస్తును బట్టే ఉంటుంది.

వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందని వేల్స్‌కు చెందిన వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ‘విలోమ సేవా నియమం’గా ప్రతిపాదించారు. జిల్లాల నుంచి పిల్లలను ఎత్తుకొని నిలోఫర్‌కు వచ్చే తల్లిదండ్రులకు ఇది వివరించనవసరం లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు. ‘బస్తీ దవాఖానా’ అన్న పేరులోని రెండు మాటలూ ఉర్దూ మీదుగా తెలుగులో కలిసిపోయినవే. ప్రభుత్వ పథకానికి జనం నోటి మాట పేరుగా పెట్టడం అరుదు. జనం పలకలేని సంస్కృత సమాసం కంటే ఇదే మేలు.

9. ఎర్రగడ్డ అనే మాట:

‘కళంకం’ మీద అర్వింగ్ గాఫ్‌మన్ 1963లో రాసిన పుస్తకాన్ని బోధించేటప్పుడు ఆంగ్ల ఉదాహరణలు అవసరం లేదు. హైదరాబాదులో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటే ఎదుటివాడికి పిచ్చి అని తిట్టినట్టు. అక్కడ మానసిక వైద్యశాల ఉండడం దీనికి కారణం. ఛాతీ వ్యాధుల ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఎర్రగడ్డలోనే ఉంది. తీవ్రమైన ఆయాసంతో వచ్చినవారికి ‘ఎర్రగడ్డకు వెళ్లండి’ అని చీటీ రాసిచ్చేటప్పుడు ఆ ఊరి పేరు ఇంటి దగ్గర ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. ‘ఛాతీ దవాఖానకు’ అని ఒక్క మాట కలిపితే చాలు.

ఉబ్బసానికి దాని కళంకం దానికుంది. పెళ్లి కావలసిన అమ్మాయి నలుగురిలో ఇన్‌హేలర్ తీయడానికి సంకోచిస్తుంది. ఇన్‌హేలర్ మొదలుపెడితే అలవాటై పోతుందని, అది చివరి దశ మందని భయపడేవారు చాలామంది ఉన్నారు. ఏడాదికి ఒకసారి మింగే చేపను దాచుకోనవసరం లేదు. దాన్ని మింగినవారి పక్కన వేలమంది ఉంటారు.

10. అడగవలసిన ప్రశ్న:

చేప ప్రసాదం తీసుకున్న రోగి తరువాత ఎప్పుడో ఒక రోజు ఆసుపత్రికి వస్తాడు. అప్పుడు నర్సింగ్ విద్యార్థి తెలుసుకోవలసిన అతి ముఖ్యమైన విషయం, అతడు తన పాత మందులు కొనసాగిస్తున్నాడా లేదా అన్నది. ఉబ్బసంలో నిరోధక మందు ఆపేస్తే ఉన్నట్టుండి తీవ్రమైన ఆయాసం వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. ‘చేప మందు తిన్నారా?’ అని నిలదీసే గొంతుతో అడిగితే తినలేదంటారు. అడిగిన తీరులోనే తీర్పు ఉందని రోగికి తెలుసు. ‘మందులు రెగ్యులర్‌గా వాడుతున్నారా?’ అంటే వాడుతున్నామంటారు. అదీ మర్యాదకు చెప్పే జవాబే.

రోగి ఆలోచనలోకి వెళ్లడానికి క్లైన్‌మన్ కొన్ని ప్రశ్నలను సూచించారు. మీ జబ్బును మీరేమని పిలుస్తారు, అది ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, దేనికి భయపడుతున్నారు అనేవి అందులో కొన్ని. వాటిని పుస్తక భాషలో అనువదించి అప్పగిస్తే పరీక్ష పేపరులా ఉంటాయి. ‘అమ్మా, బాబుకు ఏమైతుందంటరు మీరు?’ అన్న మాటతో మొదలుపెడితే తల్లి తనంతట తాను చెబుతుంది. ఆ తరువాత పథ్యం గురించి అడగాలి. ‘ఇంట్ల పథ్యం ఏమన్న చేస్తున్నరా? ఏమేం బంద్ పెట్టిన్రు?’ పథ్యంలో మానేసినవాటిని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు, పైగా శ్రద్ధగా పాటించామని గర్వంగా చెబుతారు. వంకాయ, పుల్లటివి, చల్లటివి అంటూ సాగే ఆ జాబితా చివర ‘పీల్చే మందు సుత బంద్ పెట్టినం’ అన్న మాట రావచ్చు. వస్తే కేసు షీటులో మొదట రాయవలసింది అదే.